నున్న మేస్త్రి గీకిన పెట్టె

మా బావను వీధిలో అందరూ నున్న మేస్త్రి అనేవారు. అసలు పేరు చెప్పి ఇల్లు అడిగితే ఎవరికీ తెలియదు. నున్న మేస్త్రి ఇల్లంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి గుమ్మం దాకా దిగబెట్టి వెళ్తారు. గోడలకు లప్పం పెట్టడం ఆయన పని. సిమెంటు గోడ మీద తెల్ల లప్పం రెండు పూతలు పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసేవాళ్ళకు అప్పగిస్తాడు. ఆయన రుద్దిన గోడ మీద చేయి వేస్తే జారిపోతుంది.

ఆయనకో పద్ధతి ఉంది. పని అయిపోయిందని అందరూ అనుకున్నాక కిటికీలు మూసి, పొడుగు తీగకు బల్బు కట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా దాన్ని గోడకు ఆనించి పట్టుకుంటాడు. అలా పట్టుకుంటే ఆవగింజంత బొడిపెకు కూడా నీడ వస్తుంది. నీడ కనబడిందా, ఇక ఆ మనిషికి అన్నం సహించదు. నడుముకు దోపుకున్న లప్పం రేకు తీసి గీకి, మళ్ళీ రుద్ది, మళ్ళీ బల్బు పట్టుకుంటాడు. "ఇంటివాళ్ళకి కనబడదులే బావా, వదిలెయ్" అని ఒకసారి అన్నాను. "నాకు కనబడింది కదే" అన్నాడు. ఇంట్లోనూ అంతే. కొత్త సబ్బు మీద ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను గోటితో గీకేసి గాని ఒంటికి రాసుకునేవాడు కాదు. అక్క నెత్తి కొట్టుకునేది.

నేను ఆయన భార్యకు చెల్లెల్ని. బజారు మలుపులో బట్టల రిపేరు కొట్టులో జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం నా పని. వాళ్ళింట్లోనే వెనక గదిలో ఉంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగినదాంట్లో దానికి పెద్ద వాటానే ఉంది.

ముప్పై ఏళ్ళు ఆ తెల్ల దుమ్ము పీల్చాడు బావ. మొదట పొద్దున్నపూట దగ్గేవాడు, తర్వాత మెట్లెక్కితే దగ్గేవాడు, ఆ తర్వాత మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగేవాడు. అక్కా నేనూ చెరో రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఛాతీ ఫిల్మును వెలుగు పలక మీద పెట్టింది. ఊపిరితిత్తుల నిండా తెల్లతెల్లటి మచ్చలు. బావ కళ్ళు చికిలించి దగ్గరికి వెళ్ళి చూసి, "ఇదెవరో సరిగ్గా రుద్దలేదు డాక్టరమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు.

"దీనికి మందు లేదు. గోడ పని ఈ రోజుతో మానేస్తే ఇక్కడికి ఆగుతుందని ఆశ పెట్టుకోవచ్చు. చేస్తూ పోతే ఆగదు. ఏడాదో, రెండేళ్ళో, పక్కన గాలి సిలిండరు పెట్టుకుని కూర్చోవాలి" అంది డాక్టరమ్మ. మాకందరికీ తెలిసిందొక్కటే: బావకు దుమ్ము లేని పని దొరకాలి. లేకపోతే మళ్ళీ గోడల దగ్గరికే పోతాడు, ఎందుకంటే ఖాళీగా కూర్చోవడం ఆయనకు చేతకాదు, నా ఒక్కదాని జీతంతో ముగ్గురి ఇల్లు గడవదు.

ఆ పని నేనే వెతికి తెచ్చాను. ఒకావిడ నా దగ్గరకు తెల్లటి దుస్తులు తెచ్చింది, తలకు వలతో సహా అంతా ఒకే ముక్కగా కుట్టినవి, జిప్పు పాడైంది. ఇదేం వేషం అని అడిగితే తేనెటీగలు పెంచుతానంది. ఊరి చివర స్థలంలో కొత్తవాళ్ళకు ఐదు ఆదివారాలు నేర్పిస్తుందట. ఆవిణ్ణి తర్వాత మేమందరం తేనె మేడమ్ అనేవాళ్ళం. జిప్పు మారుస్తూ మారుస్తూ ఆవిడ నోట్లోంచి అసలు విషయం లాగాను. పూత మొదలయ్యేసరికి ఒక పెద్ద పళ్ళతోటకు నలభై పెట్టెలు దింపుతున్నారు, వాటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి, ఏడాది పొడవునా పని. నేర్చుకునే ఆరుగురికీ తలో పెట్టె ఇస్తుంది. పూత వేళకు ఎవరి పెట్టె బలంగా నిండుగా ఉంటే ఆ పని వాళ్ళది.

బావకు చిన్న అక్షరాలు కనబడవు. అందుకని నోట్సు రాయడానికి నేనూ వెంట వెళ్ళాను. అలా ఐదు ఆదివారాలూ ఇద్దరం నేర్చుకున్నాం.

మొదటి రోజు మేడమ్ పెట్టె మూత తీసి లోపల చూపించింది. చెక్క చట్రాలు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కో చట్రంలో చిన్న చిన్న మైనపు గదుల పట్టు ఒకటి. చట్రానికీ చట్రానికీ మధ్య ఈగ నడిచేంత సందు ఉండాలి. ఆ సందు కాస్త ఎక్కువైతే ఈగలు ఊరుకోవు, అక్కడ అడ్డదిడ్డంగా మైనం కట్టేస్తాయి. దాన్ని మేడమ్ పిచ్చి పట్టు అంది. "వారానికోసారి చూసి గీకెయ్యండి. లేకపోతే చట్రాలు ఒకదానికొకటి అతుక్కుని, తీసినప్పుడు చిరిగిపోతాయి."

బావ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు తనకు తెలిసిన మాట ఒకటి వినబడింది. "గీకాక రుద్దాలా మేడమ్?" అని అడిగాడు. అందరూ నవ్వారు.

రెండో ఆదివారం మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. ఆ పేజీ నా నోట్సులో ఇప్పటికీ ఉంది. రాణి ఈగను పెంచే గది మిగతా గదుల్లా ఉండదు. వేరుశనక్కాయంత ఉంటుంది, తల కిందకు పెట్టి వేలాడుతుంది, ఒళ్ళంతా గుంటలు గుంటలుగా ఉంటుంది. చట్రం కింది అంచున వేలాడితే పాత రాణి సగం ఈగల్ని తీసుకుని వెళ్ళిపోబోతోందని అర్థం. పట్టు నడిమధ్యలో కనబడితే ఉన్న రాణి పోయింది, ఈగలు తొందర తొందరగా ఇంకో రాణిని తయారు చేసుకుంటున్నాయని అర్థం. "కొత్తవాళ్ళు చేసే తప్పు ఇదే. పిచ్చి పట్టనుకుని వీటినీ గీకేస్తారు. రేకు పెట్టేముందు చేయి ఆపండి. అడ్డంగా అతికిందా, కిందకి వేలాడుతోందా చూడండి. అనుమానముంటే ముట్టుకోవద్దు" అంది. నేను ముట్టుకోవద్దు అన్న మాట కింద రెండు గీతలు గీశాను. బావ అప్పటికి తన చట్రం అంచును అందరికంటే ఎంత నున్నగా గీకాడో పక్కవాడికి చూపిస్తున్నాడు.

పెట్టె మా మేడ మీదకు వచ్చింది. మేడమ్ గీకడానికి ఒక వంకర ఇనుప కడ్డీ ఇచ్చింది గాని, బావ దాన్ని సంచిలోంచి బయటకు తియ్యలేదు. తన లప్పం రేకే వాడేవాడు. అది చేతిలో కూర్చుంటుందట. ప్రతి ఆదివారం పొద్దున ఈగలు నెమ్మదించడానికి నేను పొగ డబ్బా పట్టుకోవడం, ఆయన చట్రాలు ఒక్కొక్కటే పైకెత్తి పైనా కిందా పక్కనా గీకడం. గీకిన మైనమంతా ఒక రేకు డబ్బాలో వేసేవాడు. పని అయ్యాక ఆ చట్రాలు అప్పుడే అంగడి నుంచి తెచ్చినట్టు ఉండేవి. మరో వారానికి ఈగలు మళ్ళీ కట్టేవి. "ఇవి నాకంటే మొండివే" అని మురిసిపోయేవాడు. దగ్గు కూడా కొంచెం తగ్గింది. అక్క వంటింట్లో పాడుకోవడం చాలా రోజుల తర్వాత విన్నాను.

ఒక గురువారం బావను ఊపిరి పరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సాయంత్రం తిరిగొస్తే అక్క చెప్పింది. మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పెట్టెలోంచి ఈగలు పాలు పొంగినట్టు పొంగి బయటకు వచ్చాయట. నెత్తి మీద నల్లగా ముసురుకుని, కాసేపు గిరగిరా తిరిగి, నీళ్ళ ట్యాంకు మీదుగా ఎటో వెళ్ళిపోయాయట. "నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదే. దుప్పటి కప్పుకుని కూర్చుండిపోయా" అంది.

బావ పైకి వెళ్ళి చూసొచ్చాడు. పెట్టె గుమ్మం దగ్గర ఈగలు తిరుగుతూనే ఉన్నాయి. "ఉన్నాయిలే. గాలి తిరగడానికి వెళ్ళుంటాయి, వచ్చేశాయి" అన్నాడు. నోట్సు ఒకసారి తీసి చూడాలనుకున్నాను. కాని ఆ రోజు పరీక్షలో ఆయన గొట్టంలోకి బాగానే ఊదాడు, డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. ఆ సంతోషంలో నేనూ ఎక్కువ ఆలోచించలేదు.

ఆదివారం మూత తీస్తే పెట్టె సగం ఖాళీగా అనిపించింది. ఉన్న ఈగలు నెమ్మదిగా ఉన్నాయి. "బుద్ధొచ్చింది వీటికి" అన్నాడు బావ. రెండో చట్రం పైకెత్తాడు. కింది అంచున వరసగా నాలుగు ముద్దలు. రేకు ఆనించి ఒక్క గీకు గీకాడు, నాలుగూ డబ్బాలో పడ్డాయి. మూడో చట్రానికి మూడు, నాలుగో దానికి రెండు. మొత్తం తొమ్మిది. పడినప్పుడు మామూలు మైనంలా చప్పుడు లేకుండా పడలేదవి, టప్పుమన్నాయి. నేను డబ్బాలోకి వంగి చూశాను. పొడుగ్గా ఉన్నాయి, ఒళ్ళంతా గుంటలు.

"బావా, ఆగు. ఇవి వేరుశనక్కాయల్లా ఉన్నాయి."

"ఏంటి ఉండేది?"

"మేడమ్ చెప్పలేదా, కిందకి వేలాడితే ముట్టుకోవద్దని. ఇవి రాణి గదులు."

"మేడమ్ పట్టుకి బయట ఏది కనబడినా గీకెయ్యమంది. అంచు చూడు ఎలా ఉందో, నా గోడలా ఉంది."

"నేను రాసుకున్నా బావా. కావాలంటే నోట్సు తెస్తా."

ఆయన ఈసారి నా వైపు తిరిగాడు. ఆసుపత్రికి వెళ్ళినప్పటి నుంచీ ఆయన్ని ప్రతి ఒక్కరూ ఇది చెయ్యకు, అది చెయ్యకు అంటూనే ఉన్నారు. ఆ ఉడుకంతా నా మీద పడింది. "ముప్పై ఏళ్ళు గీకిన చెయ్యి ఇది. ఏది బొడిపో ఏది గోడో నాకు నువ్వు చెప్తావా? జిప్పులు కుట్టుకునేదానివి, జిప్పులు కుట్టుకో. నీకెందుకే పెట్టె సంగతి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పని తెచ్చింది నేను, పొగకు కళ్ళు మండించుకున్నది నేను, చేతులు వాచేలా కుట్టించుకున్నదీ నేను. పొగ డబ్బా ఠక్కున గట్టు మీద పెట్టి, "అయితే నువ్వే చూసుకో" అని దిగొచ్చేశాను. వస్తూ వస్తూ ఆ రేకు డబ్బా కూడా తెచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పుడు తెలియదు. ఆయన మాట తప్పని తేల్చాలని తెచ్చానని ఇప్పుడు అనుకుంటున్నాను.

నా గదిలో తలుపు వేసుకుని, కుట్లు విప్పే ములుకుతో ఒక ముద్దను నిలువునా చీల్చాను. లోపల తెల్లటి ప్రాణి ఉంది. పొడుగాటి పొట్ట, ఒద్దికగా ముడుచుకున్న కాళ్ళు, కళ్ళ చోట లేత గులాబీ చుక్కలు. నాలుగు రోజులు ఆగితే రాణి అయి బయటకు వచ్చేది. నా వేలి మీద అది మెత్తగా, చల్లగా ఉంది.

అప్పుడే లేచి మేడ మీదకు వెళ్ళి బావ మొహం ముందు పెట్టి చూపించి ఉండాల్సింది. చూపించలేదు. జిప్పులు కుట్టుకోమన్నాడుగా, కుట్టుకుంటాను. తనే వచ్చి అడిగితే చూపిస్తాను, అడగందే నోరు విప్పను అని మొండికేశాను. నోట్సు తీసి చదివాను కూడా. రాణి లేకపోయినా పట్టులో మూడు రోజులు దాటని పురుగులుంటే చాలు, ఈగలు వాటిలోంచే ఇంకో రాణిని పెంచుకుంటాయని నా చేత్తోనే రాసి ఉంది. హమ్మయ్య, మళ్ళీ కట్టుకుంటాయి, ఏం మునిగిపోదు అనుకున్నాను. ఆ తెల్లటి దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. వారమంతా బావతో మాట్లాడలేదు. ఆయన గుమ్మంలో ఎదురైతే నేను వంటింట్లోకి తప్పుకున్నాను. అక్క ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి విసిగిపోయింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బావ ఒక్కడే పైకి వెళ్ళాడు. నేను కింద ప్యాంటు అంచు కుడుతున్నాను. కాసేపటికి పైనుంచి గీకుతున్న చప్పుడు వినబడింది. చెక్క మీద గీకితే గరగరమంటుంది, ఆ చప్పుడు నాకు తెలుసు. ఇది వేరు, మెత్తగా ఉంది. అంటే అంచున కాదు, పట్టు మధ్యలో గీకుతున్నాడు. రాణి పోతే ఈగలు కట్టుకునే గదులు ఎక్కడుంటాయో నాకు తెలుసు. నేను లేచాను. మెట్ల దగ్గరకు వెళ్ళాను, మూడో మెట్టు దాకా ఎక్కాను. అక్కడ నాకు మళ్ళీ ఆ మాట గుర్తొచ్చింది, నీకెందుకే అన్న మాట. పిలవనిదే నేను ఎందుకు వెళ్ళాలి అనుకున్నాను. మెట్టు మీద నిలబడి, చప్పుడు ఆగేదాకా విన్నాను. ఆగాక దిగి వచ్చి ప్యాంటు కుట్టడం పూర్తి చేశాను.

ఆ తర్వాతి వారం ఆయనే పిలిచాడు. "రావే మరదలా, పొగ పట్టే దిక్కు లేక చేతులు బూరెల్లా అయ్యాయి" అన్నాడు. కోపం పోయింది, వెళ్ళాను. పెట్టె మూత తియ్యగానే ఒక చప్పుడు వచ్చింది. అంతకుముందు ఈగల చప్పుడు సన్నగా, సాఫీగా ఉండేది. ఇప్పుడు పొగ తగలగానే హోరుమని లేచి, తగ్గకుండా, దిక్కు తోచనట్టు అలాగే సాగింది. పట్టులో ఒక్క గుడ్డు లేదు. పురుగులు లేవు. పిల్లలు బయటకు వెళ్ళిపోయిన గదులు చాలావరకు ఖాళీ. "రాణి బద్ధకించింది" అన్నాడు బావ. అప్పుడైనా చెప్పవచ్చు. చెబితే, నీకెప్పుడు తెలిసింది అంటాడు. ఎప్పుడు తెలిసిందో చెబితే, మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటాడు. "మేడమ్‌కి ఒకసారి ఫోన్ చేద్దామా బావా?" అని మాత్రం అన్నాను.

"చేస్తే? వీడికి పెట్టె చేతకాలేదని ఆ పని మిగతా ఐదుగురిలో ఒకరికి ఇచ్చేస్తుంది. ఏం వద్దు. అవే సర్దుకుంటాయి."

అలా ఇంకో వారం, ఇంకో వారం. ఈగలు రోజురోజుకూ పలచబడ్డాయి. అంతకుముందు పొద్దున్నే కాళ్ళకు పసుపు పుప్పొడి మూటలతో వచ్చేవి, ఇప్పుడు ఉత్త కాళ్ళతో వచ్చి గుమ్మంలో తచ్చాడేవి. తోటలో పూతకు మొగ్గ పడిందని మేడమ్ కబురు పంపింది. కొట్టులో ఒకరి ప్యాంటు ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు కుట్టి తిట్లు తిన్నాను.

నెల దాటాక ఒక ఆదివారం బావ చట్రం ఎండకు పట్టి కేకేశాడు. "గుడ్లు పెట్టిందే. చూడు, ఒక్కో గదిలో రెండు, మూడు. ఇన్నాళ్ళ బద్ధకం ఒక్కసారే తీర్చేస్తోంది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కను పైకి పిలిచి చూపించాడు. అక్క దండం పెట్టింది. నేనూ చూశాను. గది అడుగున మధ్యలో నిలబడాల్సిన గుడ్డు గోడలకు అతుక్కుని ఉంది, ఒకటి ఇటు, ఒకటి అటు. నోట్సులో ఒక గదికి ఒకే గుడ్డు అని రాసి ఉంది. ఆయన అంత సంతోషంగా ఉంటే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

ఆ గుడ్లు పెరిగి గదులకు మూతలు పడ్డాయి. ఒక్కో మూత ఒక్కో ఎత్తున, పట్టంతా బొడిపెలు బొడిపెలుగా లేచింది. బావ దాన్ని వేలితో తడిమి మొహం ముడుచుకున్నాడు. గీకడానికి వీల్లేదు, లోపల పిల్లలున్నాయి. "ఈ గోడ కుదరడం లేదే" అన్నాడు నెమ్మదిగా. ఆయనకు కూడా అప్పుడే భయం పట్టుకుందనుకుంటాను. ఆ రోజు తర్వాత మేడమ్ పేరెత్తితే మాట మార్చేవాడు.

ఆ ముద్దలు గీకిన రోజు నుంచి లెక్కపెడితే ఎనిమిదో ఆదివారం మేడమ్ వచ్చింది. ఆ వారంలోనే తోటలో పెట్టెలు లారీ దిగుతున్నాయి. మిగతా ఐదుగురి పెట్టెలూ చూసి, చివరకు మా మేడ ఎక్కింది. బావ తలకు నూనె రాసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆవిడ మూత తీసి హోరు వినగానే చెయ్యి ఆపింది. తర్వాత చట్రాలు ఒక్కొక్కటీ తీసి, తిప్పి, మళ్ళీ దింపింది. మేం ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

"రాణి పోయి చాలా రోజులైంది. ఇవి తేనె తెచ్చే కూలి ఈగలు పెట్టిన గుడ్లు. రాణి లేకపోతే చివరికి అవే పెడతాయి, వాటిల్లో మగ ఈగలు తప్ప ఏమీ పుట్టవు. ఇక ఈ పెట్టె నిలబడదు" అంది మేడమ్. "కింద అంచున ఏమైనా వేలాడితే గీకారా మేస్త్రీ?"

"గీకాను మేడమ్."

"ఎప్పుడు?"

బావ చెప్పాడు. ఆవిడ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. "ఆ తర్వాత వారం?"

"పట్టు మధ్యలో ఉన్నాయి. అవీ గీకాను."

మేడమ్ వల పైకెత్తి ఆయన్ని చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "మొదటిసారి గీకినా ఫరవాలేదు. ఆ రెండో ఆదివారం ఊరుకుని ఉంటే ఇవే బతికించుకునేవి. పోనీ ఆ తర్వాత ఒక్క ఫోన్ చేసుంటే నా పెట్టెలోంచి గుడ్లున్న చట్రం తెచ్చి పెట్టేదాన్ని. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"మా మరదలు చెప్పింది" అన్నాడు బావ. "మొదటి రోజే చెప్పింది మేడమ్. వేరుశనక్కాయల్లా ఉన్నాయి, ముట్టుకోవద్దంది. నేనే తిట్టి పంపేశా."

మేడమ్ నా వైపు తిరిగింది. "నీకెలా తెలిసింది?"

చెప్పాను. అడ్డంగా అతికింది పిచ్చి పట్టు, తల కిందకు వేలాడేది రాణి గది, అంచునుంటే ఇది, మధ్యలో ఉంటే అది, గుంటలు, బరువు, పడినప్పుడు వచ్చే చప్పుడు, అన్నీ చెప్పాను. గడగడా అప్పజెప్పేశాను. ఒక్కటి చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా, అక్క మొహం చూసి మూసేశాను.

"నలభై పెట్టెలకి నాకు ఇలాంటి కళ్ళు కావాలి" అంది మేడమ్. "నువ్వు వస్తావా?" అని నన్ను అడిగింది.

బావే ముందు మాట్లాడాడు. "వస్తుంది మేడమ్. దానికి వచ్చు. ఎవరో ఒకరం, ఇంట్లోకే కదా" అన్నాడు. అని, పెట్టె మూత తీసుకెళ్ళి జాగ్రత్తగా, అంచుకు అంచు సరిపోయేలా పెట్టాడు.

నేను కొట్టు మానేసి తోటకు వెళ్ళాను. పని బాగుంది. చెట్ల కింద నీడ, గాలి, దుమ్మన్నది లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ఇది ఎవరికి దొరకాల్సిన గాలో నాకు తెలుస్తూనే ఉంటుంది. బావ నెల రోజులు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత ఒక పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని, "ఒక్క గదేనే, తెలిసినవాళ్ళది" అని అక్కకు చెప్పి వెళ్ళాడు. ఆ గది తర్వాత ఇంకో గది. అక్క అడ్డుపడి అడ్డుపడి ఊరుకుంది. నా వైపు చూడటం కూడా తగ్గించింది, తప్పు పట్టి కాదు, పాపం, చూస్తే ఏడుపొస్తుందని. తప్పు పట్టాల్సింది ఉందని ఆమెకు తెలియదు.

ఇప్పుడు బావ మేడ ఎక్కలేడు. కింద గదుల పనే ఒప్పుకుంటాడు, అదీ కూర్చుని కూర్చుని చేస్తాడు. నిన్న సాయంత్రం నేను తోట నుంచి వచ్చేసరికి కుళాయి దగ్గర మోచేతుల దాకా తెల్లదుమ్ము కడుక్కుంటున్నాడు. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి.

"ఇవాళ ఎన్ని తెరిచావు?" అన్నాడు. రోజూ అడుగుతాడు.

"పన్నెండు."

"రాణి గదులు?"

"రెండింట్లో ఉన్నాయి."

"ముట్టుకోలేదుగా."

"లేదు బావా."

కుళాయి కట్టేసి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి అందేదాకా ఆగాడు. "నాకొకటి అనిపిస్తుందే" అన్నాడు. "ఆ రోజు ఒక్క ముద్ద విప్పి చూసుంటే సరిపోయేది. లోపల ప్రాణముందని కళ్ళతో చూస్తే నేనే ఆగిపోయేవాణ్ణి. ఎంత మొండివాణ్ణైనా ఆగేవాణ్ణి. అంత చిన్న పని, మనిద్దర్లో ఒక్కళ్ళకీ తట్టలేదు చూడు."

నేను సంచి ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాను.

"అవును బావా" అన్నాను. "తట్టలేదు."

ఆయన తల ఊపాడు. దగ్గు వచ్చింది, అది పోయేదాకా నేను పక్కన నిలబడి వీపు రాశాను. తర్వాత అక్క పిలిస్తే ఇద్దరం అన్నానికి లోపలికి వెళ్ళాం.